కొట్టంలోకి కరెంటు – మూడో వైరు

పల్లెల్లో ఇల్లు అంటే నాలుగు గోడల ఇల్లు ఒక్కటే కాదు. ఇంటి వెనక పశువుల కొట్టం ఉంటుంది. పక్కన స్నానాల గది ఉంటుంది. గడ్డివాము ఉంటుంది. నేత పని చేసే ఇళ్లలో మగ్గం గది ఉంటుంది. వీటన్నిటిలో ఎక్కువసేపు పని చేసేది ఆడవాళ్లే. కోడి కూయక ముందే పెండ తీయాలి. పాలు పిండాలి. పొద్దు గూకినాక కుడితి పెట్టాలి. చాలా ఇళ్లలో పాత మిద్దెకు కరెంటు వచ్చి ఏండ్లు గడిచింది. పెరట్లోని కొట్టానికి మాత్రం సరైన లైను లేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న మూడూ వేరు వేరు జిల్లాలు అయ్యాయి. కరెంటుకు ఈ ప్రాంతం పుట్టినిల్లు లాంటిది. కృష్ణా నది మీద ఎగువ జూరాలలో 234 మెగావాట్లు, దిగువ జూరాలలో 240 మెగావాట్లు తీసే యంత్రాలు ఉన్నాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టున భూమి లోపల 900 మెగావాట్ల కేంద్రం ఉంది. 2020 ఆగస్టు 20 రాత్రి ఆ కేంద్రంలో మంటలు వచ్చి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లు కరెంటు పని తెలిసినవాళ్లు. తెలిసినవాళ్లకే అంత అపాయం ఉన్నప్పుడు, తెలియకుండా కట్టిన వైరు కింద రోజూ పని చేసేవాళ్ల సంగతి ఆలోచించాలి.

ఇంటి నుంచి కొట్టానికి దూరం 40 అడుగులు కావచ్చు, 40 మీటర్లు కావచ్చు. ఆ కొద్ది దూరం కరెంటును ఎట్లా తీసుకుపోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

బర్రె ఎందుకు రానన్నది?

గద్వాల వైపు ఒక ఊరు అనుకుందాం. ఆ ఊర్లో ఒక పాత మట్టి మిద్దె. అందులో అత్త, కోడలు, కొడుకు ఉంటారు. వెనక రేకుల కొట్టం. కొట్టంలో రెండు బర్రెలు.

కొట్టంలో బల్బు కావాలని కొడుకు వైరు కొనుక్కొచ్చాడు. సన్నని రెండు పోగుల వైరు. ఇంట్లో బోర్డుకు ప్లగ్గు పెట్టాడు. కిటికీలో నుంచి వైరు బయటికి తీశాడు. బట్టలు ఆరేసే దండేనికి చుట్టాడు. రేకు అంచు మీద నుంచి కొట్టంలోకి దింపాడు. ఇనుప స్తంభానికి కట్టి హోల్డర్ వేలాడదీశాడు. బల్బు వెలిగింది. అందరూ సంతోషపడ్డారు.

నాలుగు నెలలు గడిచాయి. వానలు మొదలయ్యాయి. ఒకనాడు తెల్లారుజామున బర్రె కొట్టం గడప దగ్గర నిలబడిపోయింది. ఎంత గుంజినా లోపలికి రాలేదు.

"అత్తా, బర్రె కొట్టంలకు రానంటుంది" అన్నది కోడలు.

"దానికి పొగరెక్కింది. కట్టెతోని అదిలించు" అన్నది అత్త.

"పొగరు కాదత్తా. స్తంభానికి కట్టిన గొలుసు ముట్టుకుంటే నా చెయ్యి గూడ జుమ్మంటుంది."

"తడి చేత్తో ముట్టినవ్ బిడ్డా. చెయ్యి తుడుచుకో, ఏం కాదు."

కోడలు ఊరుకోలేదు. ఇంట్లోకి పోయి ముందు ప్లగ్గు తీసేసింది. మళ్లీ కొట్టంలోకి వచ్చింది. బర్రె మెల్లగా లోపలికి నడిచింది. తప్పు బర్రెది కాదని కోడలికి అర్థమైంది. మండలం నుంచి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించింది.

అతను వైరు అంతా చూశాడు. గాలికి ఊగి ఊగి, రేకు అంచుకు రాసుకొని వైరు మీది తొడుగు తెగింది. లోపలి రాగి రేకుకు తగిలింది. రేకు నుంచి స్తంభానికి, స్తంభం నుంచి గొలుసుకు కరెంటు వస్తున్నది. అదే వైరు దండేనికి కూడా చుట్టి ఉంది.

"అక్కా, నువ్వు ప్లగ్గు తీసి మంచిపని చేసినవ్. వైరు దండెం కాడ తెగి ఉంటే, తడి బట్ట ఆరేసినోళ్ల పాణమే పోతుండె" అన్నాడు.

అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. రోజూ బట్టలు ఆరేసేది ఆమెనే.

పశువులకు కరెంటు మనకంటే ముందు తెలుస్తుంది. వాటి కాళ్లకు చెప్పులు ఉండవు. నిలబడేది తడి నేల మీద. ముందు కాళ్లకు, వెనక కాళ్లకు మధ్య దూరం ఎక్కువ. అందుకే నేలలోకి దిగిన కరెంటు వాటికి ఎక్కువగా తగులుతుంది. పశువు ఒక్కసారిగా కొట్టంలోకి రానంటే, నీళ్ల తొట్టి దగ్గర బెదిరితే, దాన్ని కొట్టవద్దు. ముందు కరెంటు ఆపి చూడాలి.

చిన్న బల్బే కదా!

"కొట్టంల ఉన్నది ఒక చిన్న బల్బే గద. దానికి పాణం పోతదా?" అని అత్త అడిగింది.

చాలామంది ఇట్లాగే అనుకుంటారు. లెక్క చేసి చూద్దాం.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 9ని 230తో భాగిస్తే 0.039 వస్తుంది. అంటే దాదాపు 40 మిల్లీఆంపియర్లు. వెయ్యి మిల్లీఆంపియర్లు కలిస్తే ఒక ఆంపియర్.

మనిషి ఒంట్లో నుంచి 30 మిల్లీఆంపియర్ల కంటే ఎక్కువ కరెంటు కొద్దిసేపు పోయినా గుండె గతి తప్పవచ్చు. ఊపిరి ఆగవచ్చు. అంటే ఒక్క చిన్న బల్బుకు పోయే కరెంటు మన ఒంట్లో నుంచి పోతే చాలు, ప్రాణం పోవచ్చు. బల్బు చిన్నదైనా వైరులో ఉన్న 230 వోల్టులు చిన్నవి కావు.

మూడు వైర్లు – మూడు పనులు

కరెంటు ఒక వైరులో వస్తుంది. ఇంకో వైరులో తిరిగి పోతుంది. వచ్చే వైరును ఫేజు అంటారు. తిరిగి పోయే వైరును న్యూట్రల్ అంటారు. ఈ రెండు ఉంటే బల్బు వెలుగుతుంది. మోటారు తిరుగుతుంది.

మూడో వైరు ఎర్తు వైరు. దీన్నే అర్తింగ్ అని కూడా అంటారు. బల్బు వెలగడానికి దీనితో పని లేదు. అంతా బాగున్నప్పుడు దీనిలో కరెంటు పోదు. మోటారు డొక్కుకో, రేకుకో, ఇనుప స్తంభానికో కరెంటు తగిలినప్పుడు ఇది పని చేస్తుంది. ఆ కరెంటును నేలలోకి తీసుకుపోతుంది.

మన దగ్గర ఫేజుకు ఎర్ర రంగు వైరు, న్యూట్రల్‌కు నల్ల రంగు వైరు, ఎర్తుకు పచ్చ రంగు వైరు వాడతారు. పచ్చ వైరు ఎక్కడా తెగకూడదు. దానికి స్విచ్చు పెట్టకూడదు, ఫ్యూజు పెట్టకూడదు.

కొడుకుకు ఇది నచ్చలేదు. "రెండు వైర్లకే బల్బు ఎలుగుతుంది. మూడోది దండుగ ఖర్చు" అన్నాడు.

ఎలక్ట్రీషియన్ నవ్వాడు. "అన్నా, రెండు వైర్లు బల్బు కోసం. మూడోది మనుషుల కోసం" అన్నాడు.

పాత ఇళ్లలో అసలు కష్టం ఇక్కడే ఉంది. ఇంటికే సరైన ఎర్తు ఉండదు. గోడకు చెక్క బద్దీలు కొట్టి ఎప్పుడో వేసిన వైరింగ్ ఉంటుంది. వైరు తొడుగులు ఎండి పెళుసు బారి ఉంటాయి. మట్టి మిద్దెలో ఎలుకలు కొరికి ఉంటాయి. ఇంట్లో లేని ఎర్తు కొట్టానికి ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే కొట్టానికి లైను గుంజే ముందు ఇంటి బోర్డును, ఇంటి ఎర్తును చూపించాలి.

ఎర్తు గుంత

ఎర్తు కోసం ఇంటి బయట, గోడకు కొంచెం దూరంగా గుంత తీస్తారు. రెండున్నర మీటర్ల జీఐ పైపు, అంటే దాదాపు 8 అడుగుల పైపు, నిలువుగా దింపుతారు. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. ఇవి తడిని పట్టి ఉంచుతాయి. తడి నేలలోకి కరెంటు తొందరగా దిగుతుంది. పైపుకు ఎర్తు వైరును బోల్టుతో గట్టిగా బిగిస్తారు. పైన చిన్న గూడు కట్టి మూత పెడతారు.

పాలమూరు ఎండలు అందరికీ తెలుసు. ఎండాకాలం ఎర్ర చెల్క నేల ఎండిపోతుంది. ఎర్తు గుంత కూడా ఎండిపోతుంది. అప్పుడు కరెంటు నేలలోకి సరిగా దిగదు. కాబట్టి ఎండాకాలం ఆ గుంతలో రోజు విడిచి రోజు ఒక బిందె నీళ్లు పోయాలి. తులసి చెట్టుకు పోసినట్టే పోయాలి.

నీళ్ల పైపుకు ఎర్తు వైరు కట్టవద్దు. ఎర్తును, న్యూట్రల్‌ను కొట్టంలో ఒకదానికొకటి కలపవద్దు.

ఫ్యూజు ఉంటే చాలదా?

"మా బోర్డుల ఫ్యూజు ఉంది గద" అన్నది కోడలు.

ఫ్యూజు వైరు కాలిపోకుండా కాపాడుతుంది. మనిషిని కాపాడే పని దానిది కాదు. మళ్లీ ఒక లెక్క చూద్దాం.

నేల ఎండింది. ఎర్తు గుంత కరెంటుకు 20 ఓముల అడ్డు పెడుతున్నది అనుకుందాం. ఓము అంటే అడ్డును కొలిచే కొలత. రేకుకు ఫేజు తగిలింది. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర వస్తుంది. అంటే పదకొండున్నర ఆంపియర్ల కరెంటు నేలలోకి పోతుంది. ఫ్యూజు 16 ఆంపియర్లది. పదకొండున్నరకు అది తెగదు. రేకు మీద కరెంటు అట్లాగే ఉంటుంది. ఎర్తు ఉన్నా షాకు కొడుతుంది.

దీనికి ఒక ఉపాయం ఉంది. దాని పేరు ఆర్‌సీసీబీ. ఇది షాకును పట్టే స్విచ్చు. ఇది ఎట్లా పని చేస్తుంది?

మహిళా సంఘంలో పైసల లెక్క చూస్తారు కదా! ఎంత పోయింది, ఎంత తిరిగి వచ్చింది అని సరి చూస్తారు. లెక్క తప్పితే అక్కడే ఆపి అడుగుతారు. ఆర్‌సీసీబీ కూడా అంతే. ఫేజులో ఎంత కరెంటు పోయిందో, న్యూట్రల్‌లో అంత తిరిగి రావాలి. తక్కువ వచ్చిందంటే, మధ్యలో ఎక్కడో నేలలోకో, మనిషి ఒంట్లోకో పోతున్నదని అర్థం. తేడా 30 మిల్లీఆంపియర్లు దాటేలోపే స్విచ్చు టక్కున పడిపోతుంది. కన్ను మూసి తెరిచేలోగా కరెంటు ఆగిపోతుంది.

డబ్బా మీద 30 అనే అంకె ఉంటుంది. 100, 300 అంకెలు ఉన్నవి కూడా షాపుల్లో దొరుకుతాయి. మనుషుల రక్షణకు కావలసింది 30. కొనేటప్పుడు ఆ అంకె చదివి తీసుకోవాలి. ఐఎస్ఐ గుర్తు కూడా చూడాలి.

ఆ స్విచ్చుకు ఒక చిన్న బటన్ ఉంటుంది. దాన్ని నెలకు ఒకసారి నొక్కాలి. నొక్కితే స్విచ్చు పడాలి. పడకపోతే అది చెడిపోయిందని అర్థం. వెంటనే మార్పించాలి.

ఒక మాట మరువవద్దు. ఫేజును ఒక చేత్తో, న్యూట్రల్‌ను ఇంకో చేత్తో పట్టుకుంటే ఈ స్విచ్చుకు తెలియదు. పోయిన కరెంటు పోయినట్టే తిరిగి వస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది. అందుకే ఈ స్విచ్చు ఉన్నా తెగిన వైరును ముట్టరాదు.

ఫ్యూజు తెగినప్పుడు లావు రాగి తీగ చుట్టడం చాలా ఇళ్లలో అలవాటు. అట్లా చేస్తే ఫ్యూజు ఉన్నా లేనట్టే. వైరు కాలుతుంది, ఫ్యూజు తెగదు. పక్కన గడ్డివాము ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. ఫ్యూజు బదులు ఎంసీబీ పెట్టించుకుంటే ఈ బాధ ఉండదు. లోడు ఎక్కువైతే అది తనంతట తానే పడిపోతుంది.

వైరు ఎంత లావు ఉండాలి?

గద్వాల, అలంపూర్ వైపు రైతులకు ఆర్డీఎస్ కాలువ తెలుసు. తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట నుంచి అది వస్తుంది. మన వైపు ఆ కాలువ కింద 87,500 ఎకరాలకు నీళ్లు అందాలి. కానీ చివరి ఊళ్ల రైతులు నీళ్లు అందలేదని ఏండ్ల తరబడి మొర పెట్టుకున్నారు. దూరం పోయే కొద్దీ నీళ్లు తగ్గుతాయి.

వైరులో వోల్టులూ అట్లాగే తగ్గుతాయి. వైరు పొడుగు ఎంత పెరిగితే, వైరు ఎంత సన్నం అయితే, చివరికి అంత తక్కువ వోల్టులు అందుతాయి.

ఆ ఇంటి కొట్టం మీటరు బోర్డుకు 40 మీటర్ల దూరంలో ఉంది. అక్కడ ఒక హార్స్‌పవర్ మోటారు పెట్టాలని కొడుకు ఆశ. ఆ మోటారు దాదాపు 6 ఆంపియర్లు గుంజుతుంది. అప్పుడు రాగి వైరులో తగ్గే వోల్టులు ఇట్లా ఉంటాయి:

1 నంబరు వైరులో దాదాపు 9 వోల్టులు తగ్గుతాయి.
2.5 నంబరు వైరులో 4 వోల్టుల లోపు తగ్గుతాయి.
4 నంబరు వైరులో 2 వోల్టులకు కొంచెం ఎక్కువ తగ్గుతాయి.

ఈ నంబర్లు వైరు లోపలి రాగి లావును చెబుతాయి. 2.5 అంటే రెండున్నర చదరపు మిల్లీమీటర్లు.

9 వోల్టులే కదా అనిపిస్తుంది. కానీ మోటారు మొదలయ్యేటప్పుడు ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. అప్పుడు సన్నని వైరులో 45 నుంచి 50 వోల్టులు తగ్గుతాయి. మోటారుకు 180 వోల్టులే అందుతాయి. మోటారు గుయ్యిమంటుంది గాని తిరగదు. వైరు వేడెక్కుతుంది. మోటారు కాలుతుంది.

బల్బులు, ఫ్యాను మాత్రమే అయితే 2.5 వైరు సరిపోతుంది. మోటారు, గడ్డి కోసే మిషను పెట్టేదుంటే 4 వైరు వేయించడం మంచిది. ఇవాళ ఏం పెడతాం, రేపు ఏం పెడతాం అని ఇంట్లో అందరూ కూర్చొని ముందే మాట్లాడుకోవాలి. తర్వాత పాత వైరుకే అతుకులు పెట్టడం తప్పుతుంది.

ఇంకో సంగతి. కొట్టం లైనును ఇంట్లో ప్లగ్గు నుంచి, బల్బు హోల్డర్ నుంచి తీయవద్దు. మెయిన్ బోర్డు నుంచి వేరే లైనుగా తీయాలి. దానికి వేరే ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఉండాలి. కొట్టంలో కూడా ఒక స్విచ్చు ఉండాలి. అప్పుడు కొట్టంలో ఏదైనా జరిగితే, ఇంట్లో దీపం ఆగకుండా కొట్టం లైను ఒక్కటే ఆపవచ్చు.

వైరు ఏ దారిన పోవాలి?

రెండు దారులు ఉన్నాయి. ఒకటి పైనుంచి. రెండోది భూమిలో నుంచి.

పైనుంచి తీస్తే, గట్టి స్తంభాలు పాతాలి. ఎండకు, వానకు ఆగే కేబుల్ వాడాలి. దాన్ని మోసే తీగను పింగాణీ గుబ్బలకు కట్టాలి. గడ్డి నింపిన ట్రాక్టరు ఆ కింద నుంచి పోతుందా? పోతే ఆ గడ్డి ఎత్తు కొలిచి, దానికి నాలుగైదు అడుగుల పైన వైరు ఉండాలి. వైరు గడ్డివాము మీదుగా పోకూడదు. చెట్టు కొమ్మలకు తగలకూడదు. రేకు అంచు మీద ఆనకూడదు. రేకుకు బెజ్జం కొట్టి లోపలికి దింపేచోట పైపు వేయాలి.

భూమిలో నుంచి తీస్తే, రెండున్నర అడుగుల లోతు కాలువ తవ్వాలి. ఇనుప తొడుగు ఉన్న కేబుల్ వేయాలి. ఆ ఇనుప తొడుగును ఎర్తుకు కలపాలి. కేబుల్ కింద, పైన ఇసుక పోయాలి. దాని మీద ఇటుకలు పరిచి మట్టి కప్పాలి. రేపు ఎవరైనా గడ్డపారతో తవ్వితే ముందు ఇటుకలు తగులుతాయి. కేబుల్ పోయిన దారికి గుర్తుగా రాళ్లు పాతాలి. ఖర్చు ఎక్కువ. కానీ గాలికి, వానకు, ట్రాక్టరుకు భయం లేదు.

కొట్టం రోడ్డు అవతల ఉంటే రోడ్డు దాటించి వైరు గుంజవద్దు. కరెంటు సెక్షన్ ఆఫీసుకు పోయి ఆ జాగకు వేరే సర్వీసు ఇమ్మని దరఖాస్తు పెట్టాలి.

దండెం సంగతి వేరే చెప్పాలి. ఊళ్లలో బట్టలు ఆరేసే ఇనుప తీగ కరెంటు వైరుకు తగిలి ఎంతోమంది ఆడవాళ్లు చనిపోయారు. దండేనికి ఇనుప తీగ వద్దు. నూలు తాడో, ప్లాస్టిక్ తాడో కట్టాలి. ఒక కొస కరెంటు స్తంభానికో, సర్వీసు వైరు పైపుకో కట్టవద్దు. తడిసిన తాడులో కూడా కరెంటు పోతుంది. కాబట్టి తాడు అయినా వైరుకు దూరంగానే ఉండాలి.

మగ్గం గదిలో

గద్వాల చీర పేరు దేశమంతా తెలుసు. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయడం దాని గొప్పతనం. గద్వాల, రాజోలి, అయిజ వైపు, వనపర్తి జిల్లా అమరచింతలో నేత కుటుంబాలు ఉన్నాయి. గుంత మగ్గం మీద నేసేటప్పుడు కాళ్లు గుంతలో ఉంటాయి. గుంత అంటే పచ్చి నేల. వానకాలం అందులో తేమ ఊరుతుంది. కాళ్లు తేమ నేల మీద, చేతులు మగ్గం మీద. తల పైన వేలాడే బల్బు. సన్నని అంచు పని కోసం బల్బును దగ్గరికి గుంజుకుంటారు. వైరు తొడుగు ఆ దగ్గరే పగులుతుంది.

మగ్గం గదిలో బల్బును వైరుకు వేలాడదీయవద్దు. గట్టి పట్టీకి బిగించాలి. ఇనుప హోల్డర్ కాకుండా ప్లాస్టిక్ హోల్డర్ వాడాలి. స్విచ్చు గుంతలో నుంచి అందేటట్టు కాకుండా, పొడి నేల మీద నిలబడి వేసేటట్టు ఉండాలి.

2009 అక్టోబరులో తుంగభద్ర వరదకు రాజోలి, అలంపూర్ ప్రాంతం మునిగింది. నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. అట్లాంటప్పుడు నీళ్లు రాకముందే మెయిన్ ఆపాలి. నీళ్లు తీశాక వెంటనే స్విచ్చు వేయరాదు. బోర్డు, వైర్లు పూర్తిగా ఆరాలి. ఎలక్ట్రీషియన్ చూడాలి. ఆ తర్వాతనే వేయాలి. నది పక్క ఊళ్లలో బోర్డులు వీలైనంత ఎత్తులో పెట్టించుకోవాలి.

బిల్లు లెక్క

వెయ్యి వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. కొట్టానికి నెలకు ఎంత కాలుతుందో చూద్దాం.

9 వాట్ల బల్బులు 2, రోజుకు 10 గంటలు: నెలకు దాదాపు ఐదున్నర యూనిట్లు.
75 వాట్ల ఫ్యాను, రోజుకు 10 గంటలు: నెలకు 22న్నర యూనిట్లు.
ఒక హార్స్‌పవర్ మోటారు, రోజుకు ఒక గంట: నెలకు దాదాపు 30 యూనిట్లు.
మొత్తం దాదాపు 58 యూనిట్లు.

2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు సున్నా బిల్లు వస్తుంది. 200 దాటితే సున్నా బిల్లు రాదు. అందుకే కొట్టం యూనిట్లు కూడా ఇంటి లెక్కలో కలిపి చూసుకోవాలి. పిండి గిర్ని, కోళ్ల ఫారం, దుకాణం లాంటివి పెడితే ఇంటి మీటరు నుంచి కరెంటు వాడరాదు. ఏ రకం సర్వీసు కావాలో సెక్షన్ ఆఫీసులో అడగాలి.

షాకు కొడితే ఏం చేయాలి?

షాకు కొట్టిన మనిషిని చేత్తో ముట్టవద్దు. ముట్టినవాళ్లకూ షాకు కొడుతుంది. బిడ్డను కాపాడబోయి తల్లి, భర్తను కాపాడబోయి భార్య చనిపోయిన ఇళ్లు ఉన్నాయి. ప్రేమతో చెయ్యి ముందుకు పోతుంది. ఆ చెయ్యిని ఆపి స్విచ్చు దగ్గరికి పరుగెత్తాలి.

1. ముందు మెయిన్ ఆపాలి.
2. మెయిన్ దూరంగా ఉంటే, పొడి చెక్క మీద నిలబడి ఎండిన కట్టెతో వైరును పక్కకు నెట్టాలి. ఇది ఇంటి కరెంటుకు మాత్రమే. ఊరి పెద్ద లైను తెగి పడితే దగ్గరికి పోనే పోవద్దు. ఎవరినీ పోనీయవద్దు. 1912 నంబరుకు ఫోన్ చేయాలి.
3. 108కి ఫోన్ చేయాలి.
4. ఊపిరి ఆడకపోతే మనిషిని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. రొమ్ము నడుమ రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా, తొందర తొందరగా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. రొమ్ము రెండు అంగుళాలు దిగాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. ఒకరు అలసిపోతే ఇంకొకరు నొక్కాలి.
5. మనిషి లేచి కూర్చున్నా దవాఖానకు తీసుకుపోవాలి. గుండె తర్వాత కూడా గతి తప్పవచ్చు.

కోడలు ఏం అడిగింది?

ఆ ఇంట్లో కొత్త లైను వేసే రోజు వచ్చింది. సామాన్ల చీటీ ఎలక్ట్రీషియన్ రాశాడు. కోడలు చీటీ తీసుకొని ఒక్కొక్కటి చదివింది. చదువుల కేంద్రంలో నేర్చుకున్న అంకెలు ఇప్పుడు పనికి వచ్చాయి.

"తమ్మీ, స్విచ్చు మీద 30 ఉందా?"

"ఉందక్కా."

"పచ్చ వైరు కొట్టం దాకా వస్తదా, నడుమల ఆగిపోతదా?"

"కొట్టం దాకా వస్తది. రేకుకు, స్తంభానికి గూడ కలుపుత."

"స్విచ్చు యాడ పెడుతున్నవ్?"

"గోడకు, మీద పెడుత."

"మరీ మీద వద్దు. తెల్లారుజామున చీకట్ల వచ్చేది నేను, అత్త. మాకు అందాలె. తడి తగలని కాడ, గడప లోపల కుడి పక్కకు పెట్టు."

ఎలక్ట్రీషియన్ అక్కడే పెట్టాడు. కొట్టంలో రోజూ తిరిగేవాళ్లకు తెలిసినంత, ఏడాదికి ఒకసారి వచ్చేవాళ్లకు తెలియదు. బిందె ఎక్కడ పెడతారు, నీళ్లు ఎటు పారుతాయి, పశువు కొమ్ము ఎంత ఎత్తుకు అందుతుంది అన్నది ఆడవాళ్లే చెప్పాలి. లైను వేసేటప్పుడు ఆడవాళ్లు అక్కడ ఉండాలి. అడగాలి.

పని అయ్యాక బటన్ ముందు అత్తతోనే నొక్కించారు. టక్కుమని స్విచ్చు పడింది. దండేనికి ఉన్న ఇనుప తీగను కొడుకు విప్పి పాత సామాన్ల వానికి అమ్మేశాడు.

కొత్త మాటలు

ఫేజు – కరెంటు వచ్చే వైరు
న్యూట్రల్ – కరెంటు తిరిగి పోయే వైరు
ఎర్తు – తప్పిపోయిన కరెంటును నేలకు దింపే వైరు
ఎంసీబీ – లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు
ఆర్‌సీసీబీ – షాకును పట్టి పడిపోయే స్విచ్చు
ఓము – కరెంటుకు ఉండే అడ్డు కొలత

జవాబులు చెప్పండి

1. బర్రె కొట్టంలోకి ఎందుకు రాలేదు? కోడలు మొదట ఏ పని చేసింది?
2. మూడో వైరు లేకపోయినా బల్బు వెలుగుతుంది. మరి అది ఎందుకు?
3. ఫ్యూజు ఉన్నా షాకు ఎందుకు కొడుతుంది?
4. షాకు కొట్టిన మనిషిని ఎందుకు ముట్టరాదు?

లెక్క చేయండి

ఒక కొట్టంలో 9 వాట్ల బల్బులు 3 ఉన్నాయి. రోజుకు 10 గంటలు వెలుగుతాయి. 30 రోజులకు ఎన్ని యూనిట్లు?

ఇంటికి పోయి చూడండి

మీ దండెం ఇనుప తీగనా, తాడా? అది ఏ వైరుకైనా దగ్గరగా ఉందా?
కొట్టానికి పోయే వైరులో ఎన్ని పోగులు ఉన్నాయి? రెండా, మూడా?
బోర్డులో ఆర్‌సీసీబీ ఉందా? దాని మీద ఏ అంకె ఉంది?
ఎర్తు గుంత ఎక్కడ ఉంది? దాంట్లో చివరిసారి నీళ్లు ఎప్పుడు పోశారు?

చూసింది పలక మీదో, కాగితం మీదో రాయండి. ఏ వైరునూ ముట్టవద్దు, విప్పవద్దు. కళ్లతో మాత్రమే చూడండి. రాసింది సంఘం కూర్చున్నప్పుడు చదివి వినిపించండి. నలుగురు కలిసి ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తే అందరి ఇళ్లూ ఒకేసారి చూపించుకోవచ్చు.